జీఆర్86కి కాయిలోవర్లా? ముందు క్యాంబర్ చూడు తమ్ముడూ

ప్రశ్న: అన్నా నమస్తే. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. 2023 టొయోటా జీఆర్86 ప్రీమియం, మాన్యువల్ ఉంది, రోజూ ఆఫీసుకి రానూపోనూ 45 మైళ్ళు ఇందులోనే. క్రెసన్‌లో మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లో రెండు ట్రాక్ డేలు చేశాను, ఈ ఏడాది ఆస్టిన్‌లో కోటా (సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ట్రాక్) కూడా చెయ్యాలని ఉంది. మలుపుల్లో కారు బాగా ఒరుగుతోంది, స్టీరింగ్ తిప్పినా ముందు భాగం బయటికే పోతోంది, ముందు టైర్లు బయటి అంచుల్లో పూర్తిగా అరిగిపోయాయి, లోపలి వైపు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. ఫ్రెండ్స్ ఏమో కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి, ఎత్తు మార్చుకోగలిగే సెట్లు) వేసి రెండు అంగుళాలు దించెయ్యమంటున్నారు, షాకు గట్టిదనం 32 క్లిక్కుల్లో మార్చుకునే సెట్ 900 డాలర్లకి దొరుకుతోంది. మా ఆవిడేమో ఇప్పటికే ఈ కారెక్కితే నడుం పట్టేస్తోందంటోంది. నా బడ్జెట్ 3,000 డాలర్లు. రోడ్డుకీ ట్రాక్‌కీ రెండిటికీ పనికొచ్చేలా ఏం చెయ్యమంటావు?

సమాధానం:

తమ్ముడూ, ఆ 900 డాలర్ల సెట్ కొనకు, రెండు అంగుళాలు అస్సలు దించకు. నీ కారుకి ఏం కావాలో నీ టైర్లే చెప్పేశాయి. బయటి అంచు అయిపోయి లోపలి అంచు అలాగే ఉందంటే మలుపులో టైరు పూర్తి వెడల్పుతో రోడ్డుని పట్టుకోవట్లేదు, బయటి భుజం మీదే బండి బరువంతా మోస్తోంది. ముందు భాగం బయటికి పోవడానికి పెద్ద కారణం కూడా అదే. దీన్ని సరిచెయ్యకుండా స్ప్రింగులు ఎంత గట్టివి వేసినా అదే భుజం మీద ఇంకాస్త గట్టిగా నడుస్తావు అంతే.

ఎందుకిలా అంటే, జీఆర్86కి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకే కాడగా ఉండి చక్రాన్ని నిలబెట్టే రకం), వెనక డబుల్ విష్‌బోన్ తరహా మల్టీలింక్ (చక్రాన్ని పైనా కిందా వేరు వేరు ఆర్ములు పట్టుకునే రకం). వెనక సెటప్‌లో చక్రం పైకి లేచేకొద్దీ దాని పైభాగం లోపలికి వాలుతుంది, అంటే బాడీ ఒరిగినా టైరు చాలావరకు రోడ్డుకి నిటారుగానే ఉంటుంది. ముందు స్ట్రట్‌లో ఆ వాలు చాలా తక్కువ వస్తుంది, బాడీ మూడు డిగ్రీలు ఒరిగితే బయటి చక్రం కూడా దాదాపు దాంతో పాటే బయటికి ఒరిగిపోతుంది. పైగా ఫ్యాక్టరీ నుంచి ముందు క్యాంబర్, అంటే చక్రం పైభాగం వాలి ఉండే కోణం (లోపలికి వాలితే మైనస్), సున్నాకి దగ్గర్లోనే వస్తుంది, మామూలు రోడ్డు మీద టైరు సమానంగా అరగాలని, కొత్త డ్రైవర్ కంగారులో స్టీరింగ్ ఎక్కువ తిప్పినా కారు ముందుకే జారాలి కానీ వెనక తిరిగిపోకూడదని. రోడ్డుకి అది మంచి నిర్ణయమే, టొయోటా వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, కాకపోతే ట్రాక్‌లో నీకు వచ్చిన ఫలితం ఇదే.

అందుకే కారు తిరగడం బాగుపడాలంటే మొదటి ఖర్చు క్యాంబర్ మీద. స్ట్రట్‌నీ నకిల్‌నీ (చక్రం బిగించి ఉండే లోహపు భాగం) కలిపే బోల్టు స్థానంలో క్యాంబర్ బోల్టు వేస్తే తక్కువ ఖర్చులో ఓ డిగ్రీ పైన వస్తుంది, అసలైన దారి మాత్రం స్ట్రట్ పైన క్యాంబర్ ప్లేట్లు, మూడు నాలుగొందల డాలర్లకి మంచివి వస్తాయి. ఆవిడ సంగతి చెప్పావు కాబట్టి రబ్బరు కలిసిన రకం ప్లేట్లు చూడు, పూర్తి మెటల్ బేరింగ్ ఉన్నవైతే ప్రతి గతుక్కీ టక్ టక్ మంటూ క్యాబిన్‌లోకి శబ్దం తెస్తాయి, కొన్నాళ్ళకి ఇంకా పెరుగుతుంది. నీ వాడకానికి ముందు మైనస్ 2.3 నుంచి 2.7 దాకా, వెనక మైనస్ 1.5 నుంచి 2 మధ్య పెట్టించు. ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా, వెనక అతి కొద్దిగా టో ఇన్, అంటే చక్రాల ముందు అంచులు లోపలికి. రోజుకి 45 మైళ్ళు తిరిగితే ఈ క్యాంబర్‌కి లోపలి అంచు అరిగిపోదా అని అడుగుతావు, కొంచెం అరుగుతుంది, నీకు ట్రాక్‌లో బయటి అంచు అరుగుతుంది కాబట్టి రెండూ చాలావరకు సరిపోతాయి, కానీ నిజంగా టైర్లని తినేసేది క్యాంబర్ కన్నా తప్పు టో. క్యాంబర్ మార్చిన ప్రతిసారీ టో కూడా మారుతుంది, ఇది మర్చిపోయి ప్లేట్లు బిగించేసి వారాలు తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ టైర్లు చూస్తే బాధేస్తుంది. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు డ్రైవర్ సీట్లో నీ బరువు ఉండేలా చూసుకో, మార్చకముందు, మార్చాక రీడింగుల ప్రింటవుట్ తీసుకో.

దాంతోపాటు సూదిలా లోపలికి గుచ్చే రకం టైర్ పైరోమీటర్ ఒకటి కొను. సెషన్ అయ్యి పిట్‌లోకి రాగానే ఒక్కో ముందు టైరులో లోపల, మధ్యలో, బయట మూడు చోట్ల వేడి చూడు. లోపలి వైపు కాస్త, ఓ పది పదిహేను ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ ఉంటే నీ క్యాంబర్ సరిగ్గా ఉన్నట్టు. బయట ఎక్కువ ఉంటే ఇంకా కావాలి. మధ్యలో ఎక్కువ ఉంటే గాలి ఎక్కువైంది. ఇరవై నిమిషాల సెషన్‌లో ప్రెషర్ ఆరేడు పీఎస్ఐ పెరగడం మామూలే కాబట్టి చల్లగా ఉన్నప్పటి నంబర్ పట్టుకుని కూర్చోకు, వేడెక్కాక 34-36 దగ్గర ఉండేలా దించుకో, ఇంటికి బయలుదేరే ముందు చల్లారాక మళ్ళీ డోర్ మీద రాసిన ప్రెషర్‌కి గాలి పట్టు.

ఇప్పుడు ఒరగడం సంగతి. కారు ఒరుగుతుంటే మనకి భయమేస్తుంది కాబట్టి అదే శత్రువు అనుకుంటాం, అసలు మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి ఎంత బరువు మారుతుందనేది కారు గురుత్వ కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, చక్రాల మధ్య వెడల్పెంత, ఎన్ని జీలు లాగుతున్నావు (మలుపులో పక్కకి తోసే బలం ఎంత) అనే వాటి మీదే దాదాపు ఆధారపడుతుంది, గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన ఆ మొత్తం తగ్గదు. స్ప్రింగులూ యాంటీ రోల్ బార్లూ (ఎడమ కుడి చక్రాలని కలిపి ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) మార్చేది రెండే, ఒకటి ఎంత కోణం ఒరుగుతుంది, రెండు ఆ బరువు మార్పిడిలో ముందుకెంత వాటా వెనక్కెంత వాటా. పుస్తకం ప్రకారం ముందు గట్టి చేస్తే ముందు ఇంకా జారాలి, కానీ స్ట్రట్ ఉన్న కార్లలో ముందు కొంచెం గట్టి చేస్తే ఒరగడం తగ్గి టైరు నిటారుగా నిలబడి పట్టు పెరగడం కూడా చూస్తాం, అందుకే ఈ కార్ల విషయంలో ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెబుతారు, ఇద్దరూ తమ తమ కారులో చూసిందే చెబుతుంటారు. నీకు క్యాంబర్ సరిపోయినంత ఉంటే ఆ గొడవలోకి వెళ్ళే అవసరమే తక్కువ.

రెండు అంగుళాలు అంటే 50 ఎంఎం. స్టాక్ కారులో చక్రం పైకి లేవడానికి ఉన్న దూరమే పరిమితం, అందులోంచి 50 ఎంఎం నువ్వే తీసేస్తే మిగిలేది బంప్ స్టాప్ (చక్రం ఇంక పైకి లేవకుండా ఆపే దిమ్మ) మీద సవారీ. మలుపు మధ్యలో ఒక గతుకు రాగానే బంప్ స్టాప్ తగులుతుంది, ఆ క్షణంలో స్ప్రింగ్ రేటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినట్టు అవుతుంది, ముందు తగిలితే ముందు జారిపోతుంది, వెనక తగిలితే వెనక తిరిగిపోతుంది, నీకు ఎందుకయ్యిందో కూడా అర్థం కాదు. ఇంకోటి రోల్ సెంటర్, అంటే కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది. స్ట్రట్ కారుని దించితే చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, రోల్ సెంటర్ గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువ దూరం కిందికి పడిపోతుంది, రెండిటి మధ్య దూరం పెరిగి కారు ఇంకా ఒరగాలని చూస్తుంది, ఆ ఒరగడాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగులు కావాలి. దించడం వల్ల వచ్చిన లాభాన్ని దించడమే తినేస్తుంది. స్టీరింగ్ టై రాడ్ కోణం కూడా చెడి గతుక్కి బండి దానంతట అదే పక్కకి లాగుతుంది. ఎక్కువలో ఎక్కువ 15 నుంచి 20 ఎంఎం దించు, కారు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ వైపు కొస లోపలి కొస కన్నా పైకి లేవకుండా ఉండాలి, మోకాళ్ళ మీద కూర్చుని తొంగి చూస్తే తెలిసిపోతుంది. ఫెండర్‌కీ టైరుకీ మధ్య గ్యాప్ ఫొటోల్లో బాగోదంటారు, అనుకోనీ.

స్ప్రింగులు ఎంత గట్టివి అనేదానికి ఊహ అక్కర్లేదు, లెక్క ఉంది. స్ప్రింగు మీద బాడీ సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని ఫ్రీక్వెన్సీ అంటారు. కుటుంబ కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్, స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 దాకా, ట్రాక్‌కే పరిమితమైనవి 2 నుంచి 2.5 పైన, రెక్కలూ డౌన్‌ఫోర్సూ ఉన్న రేసు కార్లు 3 దాటి. నీ కారు 1,285 కేజీల చుట్టూ ఉంటుంది, నువ్వు కూర్చున్నాక ముందు ఒక్కో మూల స్ప్రింగు మోసేది సుమారు 330 కేజీలు. 2 హెర్ట్జ్ కావాలంటే చక్రం దగ్గర మిల్లీమీటరుకి 5.3 కేజీలు రావాలి, స్ట్రట్ కొంచెం లోపలికి ఉంటుంది కాబట్టి స్ప్రింగు 6 దగ్గర. 1.8 హెర్ట్జ్ చాలనుకుంటే 5 లోపే సరిపోతుంది. వెనక స్ప్రింగు చక్రానికి బాగా లోపలగా ఉంటుంది, మోషన్ రేషియో (చక్రం కదిలిన దూరంలో స్ప్రింగు కదిలే వంతు) సుమారు ముప్పావు, స్క్వేర్ చేస్తే స్ప్రింగు బలంలో సగం పైచిలుకే చక్రం దగ్గరికి చేరుతుంది, అందుకే వెనక పెద్ద నంబర్ చూసి కంగారు పడక్కర్లేదు. నీకైతే ముందు 5, వెనక 7 అంటాను. ఇలా పెడితే వెనక ఫ్రీక్వెన్సీ ముందు కన్నా ఓ పిసరు ఎక్కువ వస్తుంది, ముందు చక్రం గతుకు ఎక్కాక వెనక చక్రం ఆలస్యంగా ఎక్కుతుంది కదా, వెనక వేగంగా ఊగితే రెండూ త్వరగా కలిసి బాడీ కుదుటపడుతుంది. 1930ల్లో మారిస్ ఓలీ జనరల్ మోటార్స్‌లో ప్రయోగాలు చేసి తేల్చిన విషయం ఇది, మీ ఆవిడ నడుముకి కూడా పనికొస్తుంది. చవక సెట్లలో ముందు 8, 10 ఇస్తుంటారు. 10 అంటే ముందు 2.6 హెర్ట్జ్. టోల్‌వే మీద రోజూ దానిలో తిరగడం నీకు మాత్రం ఎందుకు?

ఇక డాంపర్, అంటే షాక్ అబ్జార్బర్. నన్నడిగితే సస్పెన్షన్‌లో డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. స్ప్రింగు అంటే వంచిన తీగ, ఎవరు చేసినా రేటు సరిగ్గా ఉంటే చాలు. డాంపర్ లోపల పిస్టన్, షిమ్‌లు, ఆయిల్, గ్యాస్, సీళ్ళు, ఇవన్నీ ఖచ్చితంగా ఉండాలి. బ్రేక్ వేసినప్పుడు ముందుకి వంగడం, మలుపులో ఒరగడం లాంటివి పిస్టన్‌కి నెమ్మది వేగాలు. గతుకు, కర్బ్, కాంక్రీటు జాయింట్ ఇవి వేగంగా కొట్టే దెబ్బలు. మంచి డాంపర్ నెమ్మది వేగంలో బాడీని గట్టిగా పట్టుకుని, వేగం పెరిగేసరికి వాల్వు తెరుచుకుని దెబ్బని వదిలేస్తుంది. మీ డాలస్ వైపు నేల నల్లమట్టి, వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయి కాంక్రీటు పలకల్ని లేపేస్తుంది, అక్కడ ఈ రెండో గుణం లేకపోతే ప్రతి జాయింటూ వెన్నెముకకి తగులుతుంది. ట్రాక్ అంటే నున్నగా ఉంటుందనుకోకు, కోటా కూడా అలాంటి కదిలే నేల మీదే కట్టారు, 2021లో మోటోజీపీ రైడర్లు అక్కడి గతుకుల గురించి గట్టిగానే అభ్యంతరం చెప్పారు. 3.4 మైళ్ళు, 20 మలుపులు, మొదటి మలుపుకే 40 మీటర్ల దాకా ఎక్కుడు. అక్కడ టైరుని నేలకి అంటిపెట్టి ఉంచే కారు గెలుస్తుంది కానీ బిగుసుకుపోయిన కారు కాదు.

32 క్లిక్కులు అంటే గొప్పేం కాదు, చాలా చవక సెట్లలో మొదటి ఐదారు క్లిక్కుల్లోనే మార్పంతా అయిపోతుంది, మిగతావి తిప్పినా ఏం కాదు, ఎడమా కుడీ కూడా ఒకేలా ఉండవు. అమ్మేవాడిని డైనో చార్ట్ (ఏ వేగంలో షాకు ఎంత బలం ఇస్తుందో చూపే గ్రాఫ్) అడుగు. ఇవ్వగలిగితే మాట్లాడు, లేకపోతే వదిలెయ్. మంచివి అంటే ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్, కేడబ్ల్యూ వేరియంట్ 3 లాంటివి, రెండు వేల డాలర్ల పైమాటే, కానీ సీళ్ళు పోతే విప్పి మళ్ళీ కట్టించుకోవచ్చు, ఇంకో దారి కూడా ఉంది, 2024 నుంచి జీఆర్86కి పెర్ఫార్మెన్స్ ప్యాకేజీలో సాక్స్ డాంపర్లు, బ్రెంబో బ్రేకులు ఇస్తున్నారు, ఆ సాక్స్ సెట్ ఎక్కడైనా మంచి ధరకి దొరికితే, నీ కారు నకిళ్ళకీ మౌంట్లకీ సరిపోతుందని పార్ట్ నంబర్లతో డీలర్ దగ్గర నిర్ధారించుకున్నాక, రోడ్డు వాడకం ఎక్కువున్న నీలాంటివాడికి అది చాలా సుఖమైన ఎంపిక.

యాంటీ రోల్ బార్ల గురించి ఎక్కువ చెప్పను, ఇప్పుడే ముట్టుకోకు. వెనక బార్ మరీ గట్టిది వేస్తే లోపలి వెనక చక్రం తేలిపోతుంది, నీ కారులో ఉన్నది టోర్సెన్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే భాగం), ఒక చక్రానికి పట్టే లేకపోతే అది రెండో చక్రానికి బలం పంపలేదు, మలుపు దాటి గ్యాస్ తొక్కగానే లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది.

నీ 3,000 ఇలా ఖర్చు పెట్టమంటాను. ముందు బ్రేకులు, ఎందుకంటే క్రెసన్‌కి ఇదే కారులో వెళ్ళి ఇదే కారులో ఇంటికి రావాలి నువ్వు. మామూలు డాట్ 4 ఫ్లూయిడ్‌కి కనీస మరుగు స్థానం 230 డిగ్రీల సెల్సియస్, మోట్యూల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది 312 దాకా తట్టుకుంటుంది, టెక్సస్ ఆగస్టు ఎండలో ఆ తేడా నీ ప్రాణం. దాంతోపాటు ట్రాక్‌కి పనికొచ్చే ముందు ప్యాడ్లు. తర్వాత క్యాంబర్ ప్లేట్లు, అలైన్‌మెంట్. ఇంతవరకు వెయ్యి డాలర్ల చుట్టూ. ఎలాగూ నీ ముందు టైర్లు అయిపోయాయి కాబట్టి తర్వాత టైర్లు, నీ 18 అంగుళాల చక్రాలకి 215/40 వస్తుంది కదా, వీలైతే 17 బై 9 చక్రాలు ఒక సెట్ తీసుకుని 245/40 ఆర్17 వెయ్యి, మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది కాబట్టి స్పీడోమీటర్ చెడదు, 5 బై 100 బోల్ట్ ప్యాటర్న్ చూసుకుని కొను. హాంకూక్ ఆర్ఎస్4 లాంటి 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల రేటింగ్) టైర్లు ట్రాక్‌లో చాలా సెషన్లు నిలుస్తాయి, అయితే జనవరిలో మీకు మంచు పడ్డ రోజున వాటితో బయటికి వెళ్ళకు, పాత చక్రాల మీద వేరే టైర్లు ఉంచుకో. ఇలా ఒక సీజన్ నడుపు. స్టాక్ షాకుల మీదే. కారు ఎంత మారిందో నీకే ఆశ్చర్యమేస్తుంది, పైగా స్టాక్ సస్పెన్షన్ మెత్తగా ఉండడం వల్ల కారు జారబోయే ముందు నీకు చెబుతుంది, నేర్చుకునే దశలో ఆ సమయం చాలా విలువైంది. డాంపర్లు వచ్చే ఏడాది, మిగిల్చింది దానికి కలుపుకుని మంచివే కొను. ఒక జాగ్రత్త, గ్రిప్ పెరిగాక పొడవాటి కుడి మలుపుల్లో ఈ ఇంజిన్‌కి ఆయిల్ ప్రెషర్ పడిపోవడం చాలామంది ఓనర్లు గేజ్‌లు పెట్టి చూశారు, ప్రతి ట్రాక్ డేకి ముందు ఆయిల్ ఫుల్ మార్క్ దగ్గర ఉందో లేదో చూడు.

డాంపర్లు వేయించే రోజున షాపువాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పు. ఆర్ముల రబ్బరు బుష్‌ల బోల్టులు కారు గాల్లో లిఫ్ట్ మీద వేలాడుతున్నప్పుడు బిగించకూడదు. అలా బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోయి ఉంటుంది, అదో అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది, ఎత్తు తేడా వస్తుంది, కొన్ని నెలలకి రబ్బరు చిరిగిపోతుంది. చక్రాల మీద బరువు ఉంచి, చివరి ఎత్తులో ఉన్నప్పుడే టార్క్ చెయ్యాలి. చాలా చోట్ల తొందరలో దీన్ని దాటేస్తారు, తర్వాత కొత్త కాయిలోవర్లు బాగాలేవని కస్టమర్ అనుకుంటాడు. ఎత్తు పెట్టడం అయ్యాక కార్నర్ బ్యాలెన్స్ చేయించు, నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి, నీ బరువంత సీట్లో ఉంచి, బార్ల ఎండ్ లింకులు ఊడదీసి, ఐమూలగా ఉన్న చక్రాల జతలు సగం సగం మోసేలా సర్దాలి, అప్పుడు ఎడమ మలుపూ కుడి మలుపూ ఒకేలా తిరుగుతుంది. అలైన్‌మెంట్ దాని తర్వాతే. క్లిక్కులు పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టి డైరీలో రాసుకో, రోడ్డుకి ఒక నంబర్, ట్రాక్‌కి ఒక నంబర్, ఒక్కసారికి ఒక్కటే మార్చు. రీబౌండ్ (నొక్కుకున్న షాకు మళ్ళీ సాగేటప్పటి బిగువు) మరీ బిగిస్తే వరస గతుకుల మీద చక్రం మళ్ళీ కిందికి దిగేలోపే ఇంకో గతుకు వచ్చి కారు కిందికి కుంగుతూ పోతుంది, బంప్ స్టాప్ దాకా. ఐదొందల మైళ్ళ తర్వాత అన్ని బోల్టులూ మళ్ళీ చూడాలి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, అంటే నువ్వు చూడకపోతే ఇంకెవరూ చూడరు.

వారంటీ పోతుందని భయపెడతారు. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం వేరే కంపెనీ పార్ట్ వేసినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చెయ్యడానికి లేదు, ఆ పార్ట్ వల్లే పాడైందని వాళ్ళు చూపించాలి. పాత భాగాలన్నీ డబ్బాల్లో పెట్టి గరాజ్‌లో ఉంచు. మామూలు ఇన్సూరెన్స్‌లు చాలావరకు ట్రాక్ మీద జరిగిన నష్టానికి రావు, ఒక్క రోజుకి తీసుకునే ట్రాక్ డే ఇన్సూరెన్స్‌లు ఉన్నాయి, కోటాకి వెళ్ళేముందు తప్పకుండా తీసుకో, అక్కడ వేగాలు ఎక్కువ. జీఆర్86 కొన్నవాళ్ళకి టొయోటా నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ ఏడాది మెంబర్‌షిప్, ఒక డ్రైవింగ్ స్కూల్ ఈవెంట్ ఉచితంగా ఇచ్చింది, నువ్వు వాడుకున్నావో లేదో పేపర్లు చూసి గడువు మిగిలుంటే వెంటనే బుక్ చేసుకో, పక్కసీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు, స్టీరింగ్ ఎక్కువ తిప్పడం వల్ల ముందు జారుతోందా, బ్రేక్ తొందరగా వదిలెయ్యడం వల్ల జారుతోందా అనేది ఆయన రెండు ల్యాపుల్లో చెప్పేస్తారు.

ప్లేట్లు, టైర్లు వేశాక క్రెసన్‌లో ఒక రోజు నడిపి ముందు టైర్ల మూడు చోట్ల వేడి, వేడి మీద ప్రెషర్లు, అలైన్‌మెంట్ షీట్ నాకు పంపు తమ్ముడూ. డాంపర్లూ స్ప్రింగ్ రేట్లూ ఆ నంబర్లు చూసుకుని అప్పుడు తేలుద్దాం.